మస్టాంగ్ జీటీనా, ఎం2నా? మధ్యలో 20 వేల డాలర్ల తేడా

ప్లానో_పెద్దోడు:
అందరికీ నమస్తే. డాలస్ వైపు ఉంటాం, ఇంట్లో సియెన్నా ఉంది కాబట్టి ఫ్యామిలీ బండి గొడవ లేదు, ఇది అచ్చంగా నా సరదాకే. మాన్యువల్ గేరే కావాలి, అందులో డౌట్ లేదు. ఫోర్డ్ మస్టాంగ్ జీటీ పెర్ఫార్మెన్స్ ప్యాక్‌తో 53 వేలు చెప్పారు, బీఎండబ్ల్యూ ఎం2 ఏమో 73 వేలు. రెండూ నడిపా. జీటీ స్టార్ట్ చెయ్యగానే ఆ వీ8 సౌండ్‌కి ఒళ్ళు పులకరించింది, కానీ ఎం2 దిగినప్పటి నుంచీ మలుపుల్లో అది నేలని కరుచుకుని తిరిగిన తీరే బుర్రలో తిరుగుతోంది. వీకెండ్ డ్రైవ్‌లు, అప్పుడప్పుడు ట్రాక్ డే (రేస్ ట్రాక్ మీద మన బండి మనమే నడుపుకునే రోజు), అంతే నా వాడకం. మా ఆవిడ పెట్టిన షరతు ఒకటే, బాబు కార్ సీటు పట్టాలి. ఇంకో 20 వేలు పెట్టడం దండగంటారా?

ఓరుగల్లు_వీ8:
అన్నా జీటీ తీస్కో, ఇంకేం సోంచాయించకు. 5 లీటర్ల ఇంజన్, టర్బో లేదు, యాక్టివ్ ఎగ్జాస్ట్ పెట్టిస్తే 486 హార్స్‌పవర్, 7 వేల ఆర్పీఎం దాటినంక గూడ గుంజుతనే ఉంటది, ఇసొంటియి ఇంకెన్నేండ్లు దొరుకుతయో ఎవనికెర్క. ఎం2కి 473 అని గొప్పగ చెప్తరు గని మాన్యువల్ తీస్కుంటే టార్క్ (ఇంజన్ తిప్పే బలం) 406 పౌండ్-ఫీట్ల కాడనే ఆపిన్రు, ఆటోమేటిక్‌కేమో 443 ఇచ్చిన్రు. జీటీకి మామూలుగనే 415 ఉంది. టెక్సాస్ల బండి మీద టాక్స్ 6.25 శాతం, గా 20 వేల మీదనే 1,250 డాలర్లు పాయె. జర్మన్ బండి జర్మన్ బండి అంటరు, అది తయారయ్యేది మెక్సికోల 😀

గుంటూరు_గేర్:
బ్రో, టార్క్ నంబరు కాదు, అది ఎక్కడ దొరుకుతుందో చూడాలి. ఎం2లో ట్విన్ టర్బో కాబట్టి ఆ 406 తక్కువ ఆర్పీఎం నుంచే వచ్చేస్తుంది, జీటీలో 415 కావాలంటే 4,900 ఆర్పీఎం దాకా తిప్పాలి. రోజూ టోల్‌వే మీద ఆ తేడా తెలుస్తుంది. నేను ఎం2 వాడుతున్నా కాబట్టి ఖర్చుల సంగతి కూడా చెప్తా. 1,200 మైళ్ళకి రన్నింగ్ ఇన్ సర్వీస్ (కొత్త ఇంజన్ సర్దుకున్నాక చేసేది) తప్పదు, ఇంజన్ ఆయిల్, డిఫరెన్షియల్ (వెనక చక్రాలకి పవర్ పంచే గేర్లు) ఆయిల్ రెండూ మారుస్తారు. షెడ్యూల్డ్ సర్వీస్ మూడేళ్ళు లేదా 36 వేల మైళ్ళు ఫ్రీ, బానే ఉంటుంది, కానీ టైర్లు మనవే. ముందు 19 అంగుళాల చక్రానికి 275 మి.మీ. వెడల్పువి, వెనక 20 అంగుళాల చక్రానికి 285వి, ముందువి వెనక్కి మార్చుకునే వీలే లేదు. ట్రాక్‌కి వెళ్తే వెనకవి తొందరగా అరిగిపోతాయి, అప్పుడు చవక టైర్లు వెతకడం ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టే. నీ బడ్జెట్ 73 దగ్గరే అయిపోతుంటే ఎం2 వద్దు.

క్రెసన్_ట్రాక్‌మామ:
ఇద్దరూ పవర్ దగ్గరే కొట్టుకుంటున్నారు. క్రెసన్‌లో మోటార్‌స్పోర్ట్ రాంచ్ అనే రేస్ ట్రాక్‌కి రెండు రకాల బండ్లూ వస్తాయి, కొత్తగా నేర్చుకునేవాళ్ళలో ముందు ఇంటికెళ్ళేది బ్రేకులు కాగిపోయినవాళ్ళే. జీటీకి పెర్ఫార్మెన్స్ ప్యాక్ తీసుకుంటున్నావు కాబట్టి బ్రెంబో కంపెనీ పెద్ద బ్రేకులు, మలుపుల్లో చక్రం జారకుండా చూసే టోర్సెన్ డిఫరెన్షియల్ వస్తాయి, అది లేకుండా మాత్రం తీసుకోకు. మిగిలిన 20 వేలల్లో ట్రాక్ బ్రేక్ ప్యాడ్లు, మంచి బ్రేక్ ఫ్లూయిడ్, ఇంకో సెట్ టైర్లు, ఇన్‌స్ట్రక్టర్ ఫీజు అన్నీ అయిపోయి ఇంకా మిగులుతుంది, నీ ల్యాప్ టైమ్ తగ్గేది దానివల్లే. మామూలు ఇన్సూరెన్స్ సాధారణంగా ట్రాక్ మీద జరిగినదానికి ఇవ్వదు, ఆ రోజుకి విడిగా పాలసీ తీసుకో.

కార్ సీటు విషయంలో మాత్రం ఎం2దే పైచేయి. వెనక కాళ్ళ చోటు దాంట్లో 32 అంగుళాలు, మస్టాంగ్‌లో 29. రియర్ ఫేసింగ్ సీటైతే (పిల్లాడు వెనక్కి తిరిగి కూర్చునేది) ముందు కూర్చునేవాళ్ళ మోకాళ్ళు డ్యాష్‌బోర్డుకి ఆనతాయి. రెండూ టూ డోరే, తలుపు బారెడు ఉంటుంది, గ్యారేజీలో సియెన్నా పక్కన ఎంత తెరుచుకుంటుందో కొలుచుకో.

ప్లానో_పెద్దోడు:
మామా, బాబుకి ఏడాదిన్నర, సీటింకా రియర్ ఫేసింగే 🤦 శనివారం సీటు పట్టుకుని రెండు షోరూములకీ వెళ్తున్నా, మా ఆవిడ కూడా వస్తోంది. జీటీలో పడితే మాత్రం అడ్వాన్స్ కట్టేస్తా.

ఓరుగల్లు_వీ8:
వదిన ముందు సీట్ల కూసున్నంక ఫోటో పెట్టు అన్నా 😂