తేదీల్లేని ఫొటోలతో యూనివర్సిటీ ఫెన్సింగ్ క్లబ్ చరిత్ర రాయడం ఎలా?

ప్రశ్న:
మా యూనివర్సిటీ ఫెన్సింగ్ (కత్తులతో ఆడే ఆట) క్లబ్ చరిత్ర రాస్తున్నాం. తేదీల్లేని ఫొటోలు రెండొందల దాకా ఉన్నాయి. మధ్యలో కొన్నేళ్లు లేని మినిట్స్ (సమావేశాల నమోదు) పుస్తకాలు, ఒక లెక్కల పుస్తకం, పేర్లు చెక్కిన రెండు కప్పులు, ఒక పెట్టె నిండా పాత కత్తులు, మాస్కులు కూడా ఉన్నాయి. ఏ ఫొటో ఏ కాలందో ఎలా తేల్చాలి? క్లబ్ పుట్టిన సంవత్సరం దేన్నిబట్టి రాయాలి? పాత మాస్కులు కొత్తగా చేరేవాళ్లకి ఇవ్వొచ్చా?

జవాబు 1:
ఫెన్సింగ్‌లో ఫాయిల్, ఎపే, సేబర్ అని మూడు రకాల కత్తులుంటాయి. ముందు ఫొటోలో ఉన్నది ఏదో చూడండి. గార్డు (చేతిని కాపాడే లోహపు కవచం) వేళ్ల మీదుగా వంగి పిడి చివరిదాకా వస్తే సేబర్. గుండ్రటి గిన్నెలా ఉంటే ఫాయిల్ గానీ ఎపే గానీ. ఎపే గిన్నె 13.5 సెం.మీ. దాకా ఉండొచ్చు, ఫాయిల్‌ది 12 దాటదు. పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

తర్వాత వీపు వెనక వైరు కోసం వెతకండి. ఎలక్ట్రిక్ స్కోరింగ్, అంటే కత్తి తగిలితే వైరు ద్వారా మెషీన్ గుర్తించే పద్ధతి, ఎపేకి 1930లలోనే వచ్చింది, 1936 ఒలింపిక్స్‌లో వాడారు. ఫాయిల్‌కి 1955 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, 1956 ఒలింపిక్స్‌లో వచ్చింది. సేబర్‌కి 1980ల చివరిదాకా లేదు, ఒలింపిక్స్‌లో 1992లోనే. వైరు సరిగా కనబడకపోతే ఫాయిల్ మొన వైపు చూడండి. ఎలక్ట్రిక్ ఫాయిల్‌కి చివరి 15 సెం.మీ. టేపు చుట్టి ఉంటుంది, ఒంటి మీద మెరిసే లామే (లోహపు దారాలతో నేసిన) జాకెట్ ఉంటుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. వైరు ఉంటే ఫొటో ఫలానా ఏడాదికి ముందుది కాదని తేలుతుంది, అంతే. వైరు లేదంటే పాతదని కాదు, సాధనలో ఇప్పటికీ వైరు లేకుండా ఆడతారు. అదే పోటీ ఫొటో అయి, ఆటగాళ్ల చుట్టూ నలుగురు జడ్జీలు, పక్కన ప్రెసిడెంట్ (ఆట నడిపే రెఫరీ) నిలబడి ఉంటే మెషీన్ లేకుండా జరిగిన పోటీ అని గట్టిగా రాయొచ్చు.

జవాబు 2:
పైవారు చెప్పినవి ప్రపంచ పోటీల తేదీలు. మీ క్లబ్‌కి మెషీన్ ఎప్పుడొచ్చిందో మీ లెక్కల పుస్తకమే చెబుతుంది. స్కోరింగ్ బాక్సు, వైరు చుట్టుకునే రీళ్లు, ఆటగాళ్లు ఒంటికి తగిలించుకునే బాడీ వైర్లు కొన్న పద్దు దొరికితే, మీ హాల్లో తీసిన వైరు ఫొటోలన్నీ ఆ తేదీ తర్వాతవే. నా దృష్టిలో మినిట్స్ కంటే ఈ పుస్తకమే విలువైనది.

నెగటివ్ నుంచి స్కాన్ చేస్తే ఎడమ కుడి తారుమారు కావచ్చు. ఫొటోలో అందరూ ఎడమచేతివాటమే అయితే అనుమానించండి. జాకెట్ గుండీలతో ఇది తేలదు. అవి కత్తి పట్టే చేతికి అవతలి వైపుంటాయి కాబట్టి తిరగేసినా పొంతన కుదురుతుంది. గోడమీది అక్షరాలే సరైన గుర్తు.

కప్పు మీద మొదటి పదేళ్ల పేర్లు ఒకే తీరు అక్షరాలతో చెక్కి ఉంటే, అవన్నీ తర్వాత ఒకేసారి చెక్కించినవి అయ్యుండొచ్చు, మినిట్స్‌తో సరిచూడండి. విద్యాసంవత్సరం రెండు క్యాలెండర్ ఏళ్లలో నడుస్తుంది కాబట్టి, కప్పు మీద ఒక్క ఏడాదే వేసి ఉంటే అది విద్యాసంవత్సరంలో మొదటి సగమా, రెండో సగమా అన్నది కూడా తేల్చుకోవాలి.

పుట్టిన సంవత్సరం విషయంలో మొదటి సాధన, మొదటి మ్యాచ్, యూనివర్సిటీ గుర్తింపు ఈ మూడూ వేర్వేరు తేదీలు. దొరికినవి విడివిడిగా రాయండి. ఒక్క మ్యాచ్ ఫలితమే దొరికితే “ఆ ఏటికి క్లబ్ ఉంది” అని రాయాలి తప్ప “ఆ ఏడాది స్థాపించారు” అనకూడదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా ఉపయోగపడింది. మహిళల జట్టు ఫొటోలకీ ఇదే పద్ధతేనా?

జవాబు 3:
అక్కడ ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఒలింపిక్స్‌లో మహిళల ఫాయిల్ 1924లో, ఎపే 1996లో, సేబర్ 2004లో చేరాయి. అలాగని మహిళ చేతిలో ఎపే కనిపించగానే 1990లది అనొద్దు. పోటీల్లో చోటు లేనప్పుడూ క్లబ్బుల్లో సాధన చేయడానికి అడ్డేమీ లేదు.

మాస్కులు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. 1982లో రోమ్‌లో విరిగిన కత్తి మాస్కులోంచి దూసుకెళ్లి ఒలింపిక్ విజేత స్మిర్నోవ్ చనిపోయాకే మాస్కుల, జాకెట్ల, కత్తుల ప్రమాణాలు కఠినమయ్యాయి. మాస్కు ముందుండే లోహపు వల పైకి బాగానే కనిపించినా, లోపల తుప్పు తినేసి ఉండొచ్చు. “ప్రదర్శనకు మాత్రమే” అని చీటీ కట్టి విడిగా పెట్టండి. కత్తుల తుప్పుని పల్చటి నూనెతో, మెత్తటి స్టీల్ ఊలుతో తీయండి, గరుకు కాగితం వద్దు. గార్డు దగ్గర బ్లేడు మీదుండే తయారీదారు ముద్ర అరిగిపోతే, ఆ కత్తి కాలం చెప్పే ఆధారమే పోతుంది.