పెద్ద ఎన్జీవోలో పనిచేసేవాళ్లు జీతం అడగకూడదా?

అడయార్_అకౌంట్స్:
చెన్నైలో ఒక పెద్ద అంతర్జాతీయ సేవాసంస్థలో నాలుగున్నరేళ్లుగా ఫైనాన్స్‌లో ఉన్నాను. ఈసారి జీతం పెంచమంటే మా మేనేజర్ "మనం ఇక్కడికి డబ్బు కోసం రాలేదు కదమ్మా" అన్నారు. ఆ మాట మా ఇంటి ఓనర్‌కి చెప్పి చూడాలనిపించింది. మార్చి వచ్చిందంటే రాత్రి పదకొండు దాకా ఆఫీసే. తిరువళ్లూరులో పంచిన టార్పాలిన్ల రశీదులో ఒక వేలిముద్ర తక్కువైందని ఫోన్లు. సేవ చేస్తున్నామన్న తృప్తి ఉంటుందంటారు, నాకు కనిపించేవి వోచర్లే. మానేయనా?

కోరమంగళ_కిట్టు:
నేను బెంగళూరు. నెలకి వెయ్యి రూపాయలు నా ఖాతాలోంచి ఇలాంటి సంస్థకే వెళ్తాయి. ఎం.జి. రోడ్డులో ఒక కుర్రాడు ఆపి, పాప ఫొటో చూపించి సంతకం పెట్టించుకున్నాడు. అందులో పాపకెంత, మీకెంత? 2020లో చట్టం మార్చి ఆఫీసు ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి దించారు. అంటే అంతకుముందు సగం మీరే తినేవారనేగా?

అడయార్_అకౌంట్స్:
కిట్టు గారూ, 50 అనేది పరిమితి. అంతా ఖర్చు పెట్టారని కాదు. పైగా అది ఎఫ్‌సీఆర్‌ఏ, విదేశీ విరాళాలకి సంబంధించింది. మీ వెయ్యి కోరమంగళలో సంపాదించిందే కాబట్టి ఆ రూలు దానికి వర్తించదు. ఆసుపత్రి డాక్టరు జీతం, బడి టీచరు జీతం కూడా ఆ లెక్కలోకి రావు. నాది వస్తుంది.

చిత్తూరు_చిన్నోడు:
కిట్టు అన్నా, 80జీ రశీదు తీసుకున్నావా? పాత పన్ను విధానంలో ఉంటే సగానికి మినహాయింపు దొరుకుతుంది.

కోరమంగళ_కిట్టు:
తీసుకున్నా. మాట మార్చకండి. 20 శాతం ఆఫీసుకి పోతుందా, పోదా?

నెల్లూరు_ఫీల్డ్:
మీ శాతాలు పక్కన పెట్టండి. 2015 డిసెంబర్ వరదల్లో చెన్నై దగ్గర ముడిచూరులో నడుముల్లోతు నీళ్లలో ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసింది మేము. నాది పదకొండు నెలల కాంట్రాక్టు. ప్రాజెక్టు ముగిసింది, వెళ్లమన్నారు. తర్వాత ఒక ముసలమ్మ ఫోన్ చేసి "బియ్యం ఎప్పుడొస్తాయి నాయనా" అంది. నేనిప్పుడు అక్కడ లేనని చెప్పడానికి నోరు రాలేదు. తర్వాత ఒక చిన్న సంస్థలో చేరాను, పెద్దవాళ్లిచ్చే గ్రాంటుతో నడిచేది. 2020 సవరణలో విదేశీ డబ్బు ఇంకో సంస్థకి ఇవ్వకూడదన్నారు, అదీ మూతపడింది. అకౌంట్స్ మేడం, బడ్జెట్ తగ్గితే ముందు పోయేది మేమే. ఆ ఎక్సెల్ షీటు చేసేది మీరే.

అడయార్_అకౌంట్స్:
చేశాను. పోయినేడు పద్నాలుగు మందిది చేశాను. ఎవర్ని తీసేయాలో నేను చెప్పలేదు.

నెల్లూరు_ఫీల్డ్:
మీ పేరు ఆ షీటులో లేదుగా.

కోరమంగళ_కిట్టు:
నా వెయ్యితో మీరూ మీరూ తన్నుకుంటున్నారు! మా అమ్మ కనిగిరి దగ్గర పల్లెలో ఇరవై ఆరేళ్లు అంగన్‌వాడీ టీచరు. ఇచ్చింది గౌరవ వేతనం, దాన్ని జీతం అని కూడా అనరు. గుడ్లు రాని వారం మా ఇంటి కోళ్ల గుడ్లు ఉడకబెట్టి పట్టుకెళ్లేది. ఒక్కనాడు నోరు తెరిచి అడగలేదు. సేవంటే అదీ.

అడయార్_అకౌంట్స్:
ఆవిడ అడగలేదా, మీరు వినలేదా? 2023 డిసెంబర్‌లో ఆంధ్రాలో అంగన్‌వాడీలు సమ్మెకి దిగారు. సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం పెట్టినా 42 రోజులు కొనసాగించారు. వాళ్లకి సేవ తెలియకనా?

కోరమంగళ_కిట్టు:
మా అమ్మ జోలికి రావద్దు.

చిత్తూరు_చిన్నోడు:
అన్నా, ఆమెను తెచ్చింది నువ్వే కదా.

కోరమంగళ_కిట్టు:
అప్పటికి అమ్మ రిటైరైంది. ఆ సమ్మె వార్తలు వస్తుంటే టీవీ ముందు నుంచి లేచేది కాదు. సరే, చెప్తా. ఇంగ్లీషులో రిపోర్టు రాసేవాళ్లు అడిగితే అది జీతం. మా అమ్మ అడిగితే ఆశ అనేవాళ్లు ఊళ్లో. నాకు మండేది అక్కడ. అయినా 20 శాతానికి మాత్రం సూటిగా జవాబు రాలేదు.

నెల్లూరు_ఫీల్డ్:
మేడం, ఒక్క మాట. ఆ పద్నాలుగు మందిలో తిరువళ్లూరు వాళ్లున్నారా? మా బావమరిది కాంట్రాక్టు పోయినేడే ఆపేశారు.

అడయార్_అకౌంట్స్:
ఇద్దరున్నారు. పేర్లు ఇక్కడొద్దు, మెసేజ్ పెట్టండి.