నాన్నకి ఇంట్లో నర్సా, అటెండెంటా? 12 గంటలా, 24 గంటలా?

ఖమ్మం_అబ్బాయి:
అందరికీ నమస్తే. మా నాన్నకి (71) పోయిన నెల పక్షవాతం వచ్చింది, కుడి పక్క పడిపోయింది, ఎల్లుండి డిశ్చార్జ్ అంటున్నారు. ముక్కు పైపు, యూరిన్ పైపు రెండూ ఉన్నాయి. ఖమ్మంలో అమ్మ ఒక్కతే, ఆమెకే మోకాళ్ల నొప్పులు, నాది బెంగళూరులో ఉద్యోగం, వారం మించి సెలవు లేదు. ఏజెన్సీలకి ఫోన్ చేస్తే ఒకళ్లు 24 గంటల నర్స్ అంటారు, ఇంకొకళ్లు 12 గంటల కేర్‌టేకర్ అంటారు, ఇంకొకళ్లు విజిట్ లెక్క అంటారు, రేట్లకి పొంతనే లేదు. మాకు ఏది కావాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్

సిస్టర్_జీఎన్ఎం:
తమ్ముడూ, నేను హోమ్ కేర్‌లోనే చేస్తున్నా. గంటల సంగతి తర్వాత, వచ్చే మనిషి ఏం చదివిందో ముందు అడుగు. జీఎన్ఎం అంటే 3 ఏళ్ల నర్సింగ్ కోర్సు, ఏఎన్ఎం అంటే 2 ఏళ్లది, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది, చూపించమను. అటెండెంట్‌కి అవేం ఉండవు. ఒళ్లు తుడవడం, డైపర్, పక్కకి తిప్పడం, నేర్పిస్తే పైపులో పాలు పోయడం వాళ్లు చేస్తారు, చాలామంది బాగా చేస్తారు కూడా. కానీ ముక్కు పైపు ఊడొస్తే మళ్లీ వేయించడం, యూరిన్ పైపు మార్చడం వాళ్ల చేత వద్దు, ముక్కు పైపు పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకొస్తుంది. మీ డాక్టర్ ఓకే అంటే అటెండెంట్‌ని పెట్టుకుని పైపులకి మాత్రం నర్స్‌ని విజిట్‌కి పిలవండి. ఏ పైపు ఎప్పుడు మార్చాలో డిశ్చార్జ్ కాగితం మీద తేదీ వేయించుకో, అందరూ మర్చిపోయేది అదే. ఫిజియో దగ్గర మాత్రం పిసినారితనం వద్దు, మొదటి 3 నెలల్లోనే ఎక్కువ కోలుకుంటారు

కోడలు_విజయవాడ:
మా అత్తగారికి రెండేళ్లు చేశాం. 24 గంటలు అంటే ఒక్క మనిషే మనింట్లో ఉంటుంది, అంతేగానీ 24 గంటలూ మేలుకుని ఉండదు. మాకిది తెలిసేసరికి నడుం కింద పుండు పడింది, రెండు గంటలకోసారి తిప్పమన్నారు, రాత్రి పదకొండు నుంచి ఐదు దాకా తిప్పేవాళ్లే లేరు, పగలంతా చేసిన పిల్ల పాపం రాత్రి పడుకోదా మరి. తర్వాత ఇద్దర్ని పెట్టాం, పొద్దున 8 నుంచి రాత్రి 8 ఒకరు, రాత్రి ఒకరు. ఖర్చే. అంత కుదరకపోతే ఎయిర్ బెడ్ కొనండి, కానీ అది ఉంది కదా అని తిప్పడం మానొద్దు, రాత్రి ఏ టైముకి ఎవరు లేవాలో రాసి గోడకి అంటించండి. మనిషి మానేస్తే ఎన్ని రోజుల్లో ఇంకొకర్ని పంపుతారో కూడా ఏజెన్సీతో కాగితం మీద రాయించుకోండి, సంక్రాంతికి మాకు వారం రోజులు ఎవరూ లేరు 🙏

ఖమ్మం_అబ్బాయి:
థాంక్స్ అక్కా. ఇన్సూరెన్స్‌లో డొమిసిలియరీ అని ఉంది, ఈ జీతాలు అందులో వస్తాయా?

పాలసీ_బాబాయ్:
దాని మీద ఆశ పెట్టుకోకు. అది ఆసుపత్రిలో చేర్చాల్సిన జబ్బుకి ఇంట్లోనే ట్రీట్‌మెంట్ చేయిస్తే ఇచ్చేది, మనిషి జీతానికి కాదు. మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ (పెద్ద జబ్బుతో మంచాన ఉన్నవాళ్లకి బాధ తగ్గించే సేవ) వాళ్లని అడుగు, తెలంగాణలో ఆలన పేరుతో ఇంటికొచ్చి చూసే టీములున్నాయి, ఫ్రీ.

ఖమ్మం_అబ్బాయి:
రేపు వార్డులో సిస్టర్ దగ్గర అమ్మకి పైపులో పాలు పోయడం నేర్పిస్తున్నా. పగలు 12 గంటల అటెండెంట్, ఈ వారం రాత్రిళ్లు నేను. నేను వెళ్లాక రాత్రికి ఇంకో మనిషిని చూస్తానంటే అమ్మ ఎందుకురా నేను తిప్పుతాలే అంటోంది. ఆ మోకాళ్లతో ఎలాగే అంటే నలభై ఏళ్లుగా మీ నాన్నని తిప్పుకుంటూనే ఉన్నాగా అంది 😄