లాక్‌ని తాళం అందామా, గడియ అందామా?

ప్రశ్న: ఫోన్ కాల్స్ నడిపే సాఫ్ట్‌వేర్ ఆస్టరిస్క్‌లోని డయల్‌ప్లాన్ (వచ్చిన కాల్‌ని ఏం చేయాలో చెప్పే సూచనలు) గురించి తెలుగులో రాస్తూ ఒక మాట దగ్గర ఆగాను. కాల్స్ లెక్కపెట్టే గ్లోబల్ వేరియబుల్ (అన్ని కాల్స్‌కీ ఉమ్మడిది) విలువ 7 అనుకోండి. రెండు కాల్స్ ఒకేసారి వచ్చాయి. ఒక్కో కాల్‌ది ఒక్కో థ్రెడ్, అంటే దేనికది విడిగా నడుస్తుంది కాబట్టి, మొదటిది కొత్త విలువ రాసేలోపే రెండోది కూడా 7 అనే చదువుతుంది. రెండూ ఒకటి కలిపి 8 రాస్తాయి. 9 ఉండాల్సిన చోట 8 ఉంటుంది, ఎర్రర్ కూడా రాదు. అందుకే చదివే ముందు లాక్ ఫంక్షన్ పిలిచి, రాశాక అన్‌లాక్ చేస్తాం. ఈలోగా అదే లాక్ అడిగిన ఇంకో కాల్ ఆగుతుంది. దీన్ని 'తాళం' అనొచ్చా?

జవాబు: తాళం వద్దండీ. తాళం మామూలుగా బయట వేసి వెళ్లిపోతాం. ఇక్కడ లోపలికెళ్లిన కాల్ తానే వేసుకుంటుంది, తానే తీస్తుంది. ఆ లాక్ తన దగ్గర లేని కాల్ అన్‌లాక్ పిలిస్తే 0 (కుదరలేదని) వస్తుందంతే. కాబట్టి 'గడియ' నయం. 'గడియ పెట్టింది, గడియ తీసింది' అంటే వాక్యం కూడా సాఫీగా నడుస్తుంది.

ఇంకో జవాబు: గడియ బాగుంది కానీ, రెండు మాటలతోనూ ఒకటే చిక్కు. లాక్‌కి మనం ఒక పేరు పెడతాం. ఆ పేరుకీ వేరియబుల్‌కీ ఆస్టరిస్క్ దృష్టిలో ఏ సంబంధమూ లేదు. డయల్‌ప్లాన్‌లో ఇంకెక్కడో లాక్ పిలవకుండా అదే వేరియబుల్‌ని మార్చే లైను ఒక్కటి ఉన్నా, అది దర్జాగా మార్చేస్తుంది. 'వేరియబుల్‌కి గడియ పెట్టాం' అని చదివినవాడు ఇక భయం లేదనుకుంటాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే. నన్నడిగితే 'వంతు' అనండి. వంతు అందరూ పాటిస్తేనే వంతు.

ప్రశ్న అడిగినవారు: 'వంతు తీసుకోవడం, వంతు వదలడం'. బాగా కుదిరిందండీ. మరి కాల్ మధ్యలో కట్ అయితే?

జవాబు: ఛానెల్ (ఆస్టరిస్క్‌లో ఆ కాల్‌కున్న లైను) పోగానే దాని దగ్గరున్న లాకులన్నీ ఆస్టరిస్కే వదిలించేస్తుంది. వంతు మధ్యలో లేచిపోయినట్టే కదా, మాట అక్కడా సరిపోతుంది. ట్రైలాక్ అనే ఇంకో ఫంక్షన్‌ని 'వంతు దొరికితే సరే, లేకపోతే ఆగను' అని వివరించొచ్చు. ఒక్కటి మాత్రం తప్పకుండా రాయండి: కాల్ చేతిలో ఇప్పటికే ఒక లాక్ ఉంటే, రెండో దానికోసం 3 సెకన్లే ఆగుతుంది, దొరక్కపోతే 0 ఇస్తుంది. 1 (లాక్ దొరికిందని) వచ్చిందో లేదో చూడకుండా ముందుకెళ్తే లాక్ పెట్టీ ప్రయోజనం లేదు.

ఇంకో జవాబు: మాట సంగతి అటుంచితే, ఇప్పుడు ఎన్ని కాల్స్ నడుస్తున్నాయో తెలిస్తే చాలనుకుంటే వేరియబుల్ జోలికే వెళ్లకండి. కాల్‌ని ఒక గ్రూప్‌లో వేసి గ్రూప్ కౌంట్ అడగండి. హ్యాంగప్ అయిన కాల్ ఆ లెక్కలోంచి దానంతటదే పోతుంది. ఇప్పటిదాకా మొత్తం ఎన్ని వచ్చాయో కావాలంటేనే ఈ వంతుల గొడవ.

ప్రశ్న అడిగినవారు: నాకు కావాల్సింది మొత్తం లెక్కేనండీ. ఫంక్షన్ పేరు 'లాక్' అనే ఉంచి, వివరణలో 'వంతు' వాడతాను. ఆ వేరియబుల్‌ని మార్చే ప్రతి చోటా అదే పేరుతో వంతు తీసుకోవాలని మొదటి పేరాలోనే రాస్తాను.