హార్డ్‌వేర్ ట్రిగ్గర్ ఇంకా ఎందుకు?

రాగి_తీగ: సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీ అనే కణ త్వరణ యంత్రంలో 25 నానోసెకన్లకోసారి, అంటే సెకనుకు 4 కోట్ల సార్లు ప్రోటాన్లు ఢీకొంటాయి. అక్కడి ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగం వాళ్లు 2022 నుంచి హార్డ్‌వేర్ ట్రిగ్గర్ (ఏ ఢీ డేటా ఉంచాలో, ఏది పారేయాలో అప్పటికప్పుడు తేల్చే ఎలక్ట్రానిక్స్) ఎత్తేశారు. డేటా మొత్తం బయటికి లాగి, మొదటి వడపోత జీపీయూల (గ్రాఫిక్స్ చిప్పుల) మీద చేస్తున్నారు. సీఎంఎస్ అనే ఇంకో ప్రయోగం మాత్రం 2030 తర్వాతి దశకు కడుతున్న దాంట్లోనూ ఎల్‌1 ట్రిగ్గర్ (మొదటి మెట్టు హార్డ్‌వేర్ ట్రిగ్గర్) ఉంచుతోంది. అందరూ తీసేయాలనేది నా వాదన. ఒకసారి పారేసిన ఈవెంటు, అంటే ఒకసారి ఢీకొన్నప్పటి డేటా, మళ్లీ దొరకదు.

బెంచిమీద_స్కోపు: 4 కోట్లు తప్పు. రింగులో ప్రోటాన్ గుంపులకు 3,564 స్లాట్లుంటే డిజైన్ ప్రకారం నిండేవి 2,808. సగటు 3 కోట్ల చిల్లర. ముందు అంకె సరిచేయండి.

రాగి_తీగ: సగటు ఒప్పుకుంటా. కానీ ఎలక్ట్రానిక్స్ 25 నానోసెకన్లకే తట్టుకోవాలి కదా.

కొత్తగా_చేరా: ఎంఎస్సీ చదువుతున్నా. ఫైబర్ చవకే కదా, అంతా బయటికి లాగితే ఇబ్బందేంటి?

ఫ్రంట్ఎండ్_అక్క: తమ్ముడూ, అసలు బరువు ఫైబర్ కాదు, దాన్ని నడిపే చిప్పు. ట్రాకర్ (కణాల దారులు పట్టే భాగం) లోపల ఒక్కో లింకు సెకనుకు 10 గిగాబిట్లు పంపాలంటే కరెంటు తింటుంది, వేడెక్కుతుంది. ఆ వేడి తీయడానికి కార్బన్ డయాక్సైడ్ గొట్టాలు వేయాలి. కరెంటు తెచ్చే ఆ రాగి తీగలు, ఆ గొట్టాలు అన్నీ కణాల దారికి అడ్డమే. ఎల్‌హెచ్‌సీబీలో ఒక్కో క్రాసింగ్‌లో (రెండు గుంపులు ఎదురుపడ్డప్పుడు) సగటున ఐదారు ఢీలు, ఈవెంటు చిన్నది. సీఎంఎస్‌లో రాబోయేవి 200 దాకా, ఈవెంటు 7, 8 మెగాబైట్లు. 3 కోట్లతో గుణించి చూడు, సెకనుకు 200 టెరాబైట్లు దాటుతుంది. అందుకే రెండు సెన్సర్లు దగ్గరగా పెట్టి, ట్రాకు (కణం దారి) వంపు చూసి, 2 జీఈవీ (కణాల శక్తి కొలత) లోపు అడ్డదిశ ద్రవ్యవేగం ఉన్నవాటిని చాలావరకు ఎల్‌1 కి పంపకుండా అక్కడే ఆపేస్తున్నారు. ఎల్‌1 కి ఇచ్చిన టైము 12.5 మైక్రోసెకన్లు. ఇప్పుడు ఎల్‌1 వడపోతలో సెకనుకు లక్ష ఈవెంట్లు నిలుస్తుంటే అప్పుడు 7.5 లక్షలు నిలుస్తాయి.

రాగి_తీగ: అంకెలు నాకూ తెలుసు అక్కా. నా థీసిస్ మధ్యలో రేటు ఎక్కువైందని థ్రెషోల్డ్ (ఈవెంటు ఉంచడానికి కావాల్సిన కనీస శక్తి) పెంచేశారు. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. నా చానెల్‌లో (నేను వెతికే రకంలో) సగానికి పైగా ఈవెంట్లు పోయాయి, నాకు రెండేళ్లు పోయాయి. ఎల్‌హెచ్‌సీబీ పాత ట్రిగ్గర్ వదిలేసింది కూడా ఇందుకే. ల్యూమినోసిటీ (ఢీల జోరు) పెంచినా హాడ్రాన్ (క్వార్కులతో అయిన కణాల) చానళ్లలో దిగుబడి పెరగలేదు, పెంచిన థ్రెషోల్డే మింగేసింది.

బెంచిమీద_స్కోపు: మొదటి పోస్టులో 4 కోట్లు ఇంకా అలాగే ఉంది.

ఫ్రంట్ఎండ్_అక్క: నీకు రెండేళ్లు పోతే బాధే. కానీ "తీసేస్తే సరి" అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఒక బోర్డులో క్లాక్ జిట్టర్ (టైమింగ్ సిగ్నల్ తడబాటు) ఎక్కడిదో తెలియక ఆరు వారాలు వెతికా. లోపల పెట్టిన చిప్పు రేడియేషన్‌లో ఏళ్ల తరబడి బతకాలి, పాడైతే ఎవరూ వెళ్లి మార్చలేరు. మీరేమో కోడ్ మార్చుకుని తెల్లారేసరికి మళ్లీ రన్ చేస్తారు. మా పని మీకు అడ్డుగోడలా కనిపిస్తోంది.

రాగి_తీగ: మీ పనిని నేనెప్పుడు తక్కువ చేశాను? ఆ థ్రెషోల్డ్ తేల్చిన మీటింగులో మా గ్రూపు వాళ్లు ఒక్కరూ లేరు. నా కోపం దాని మీద.

ఫ్రంట్ఎండ్_అక్క: మరి ఇంతసేపూ చిప్పుల మీద పడ్డావేంటి? నీ తగాదా ట్రిగ్గర్ మెనూ (ఏ ఈవెంట్లు ఉంచాలన్న షరతుల జాబితా) ఎవరు రాయాలన్నది. జీపీయూల్లోనూ ఆ షరతులు ఎవరో ఒకరు రాయాల్సిందే. అక్కడా నీ గ్రూపును పిలవకపోతే నీ చానెల్ అక్కడా పోతుంది.

రాగి_తీగ: పోవచ్చు. కానీ అక్కడ ట్రాకులన్నీ చూశాక పారేస్తారు. మాకు జరిగినట్టు కాలోరిమీటర్‌లో (కణాల శక్తి కొలిచే భాగంలో) ఒక్క శక్తి అంకె చూసి కాదు. ఆ తేడా నేను వదలను.

ఫ్రంట్ఎండ్_అక్క: అందుకేగా సీఎంఎస్ ఎల్‌1 లోకి ట్రాకులు తెస్తోంది. సరే, ట్రాకర్ లోపల అదనంగా ఎంత రాగి ఒప్పుకుంటావో చెప్పు, అప్పుడు మాట్లాడదాం.

కొత్తగా_చేరా: అక్కా, ఆ జిట్టర్ చివరికి ఎలా దొరికింది?

ఫ్రంట్ఎండ్_అక్క: పవర్ పిన్ మీద ప్రోబ్ పెడితే 25 నానోసెకన్లకోసారి వోల్టేజీలో చిన్న గుంట కనిపించింది. డ్రాయింగులో ఉన్న ఒక డీకప్లింగ్ కెపాసిటర్ (చిప్పు వోల్టేజీని నిలకడగా ఉంచేది) బోర్డు మీద లేదు. ప్యాడ్లు మాత్రం మెరుస్తూ ఖాళీగా ఉన్నాయి.