కళ్లులేని రెమిపీడ్లు ఆ గుహలకు ఎలా చేరాయి?

తీరవాసి:
1979లో జిల్ యేగర్ బహామాస్‌లోని గ్రాండ్ బహామా దీవిలో, లుకయన్ కేవర్న్స్ అనే నీట మునిగిన సున్నపురాతి గుహలో, కళ్లూ రంగూ లేకుండా వెల్లకిలా ఈదే ఒక చిన్న జీవిని చూశారు. రొయ్యలకూ పీతలకూ దూరపు చుట్టమైన ఆ జీవి కోసం 1981లో రెమిపీడియా అనే కొత్త తరగతినే ఏర్పరచవలసి వచ్చింది. దాని బంధువులు మెక్సికోలోని యూకటాన్‌లోను, ఆఫ్రికాకు పశ్చిమాన ఉన్న లాంజరోటే దీవిలోను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను గుహల్లో దొరికాయి గాని, బయటి సముద్రంలో దొరకలేదు. ఇవి ప్రాచీన టెథిస్ సముద్రపు తీరాలలో బతికి, ఖండాలు విడిపోయినప్పుడు వాటితోపాటే చెదిరిపోయాయన్న వివరణ సరిపోదా?

బిలద్వారం:
సరిపోతుందనే నా అభిప్రాయం. పల్నాటి గుత్తికొండ బిలంలోని నీటి నుంచి 2011లో వర్ణించిన ఆంధ్రకాయిడిస్ షాబుద్దీన్ అనే చిన్న మంచినీటి జీవికి దగ్గరి బంధువులు ఆస్ట్రేలియాలో ఉన్నాయి. మంచినీటి జీవి సముద్రం ఈదలేదు కనుక భారత్, ఆస్ట్రేలియా ఒకప్పుడు కలిసి ఉన్న గోండ్వానా మహాఖండం విడిపోవడమే దానికి కారణమని ఒప్పుకుంటాం. రెమిపీడ్ల లార్వాలు కూడా మేత మేయకుండా తమలోని సొన మీదే పెరుగుతాయి. అంతమాత్రపు తిండితో మహాసముద్రం దాటడం నమ్మశక్యంగా లేదు.

అలలదారి:
బిలద్వారం గారూ, గుత్తికొండ ఉదాహరణ గట్టిదే, కానీ ఇక్కడ అతకదు. ఈ తీరపు గుహలలో పైన మంచినీరు, దాని కింద సముద్రంతో లోలోపల కలిసిన ఉప్పునీరు ఉంటాయి. రెమిపీడ్లు తిరిగేది ఆ కింది పొరలోనే కాబట్టి సముద్రం వాటికి అడ్డుగోడ కానక్కరలేదు. అసలు చిక్కు లాంజరోటేతో వస్తుంది. అది సముద్రగర్భంలోని అగ్నిపర్వతం నుంచి సుమారు 1.5 కోట్ల సంవత్సరాల క్రితం పుట్టిన దీవి, ఏ ఖండానికీ ఎన్నడూ అంటుకొని లేదు. పైగా అక్కడి రెమిపీడ్ అయిన మోర్లాకియా ఆండినే నివసించేది సున్నపురాయిలో కాదు, కొరోనా అగ్నిపర్వతం దాదాపు 20,000 సంవత్సరాల క్రితం కక్కిన లావాలో ఏర్పడిన సొరంగంలో. ఆ సొరంగపు సముద్రం వైపు కొస, మంచుయుగం ముగిసి నీటిమట్టం పెరిగాకే మునిగింది. అంత కొత్త ఇంట్లోకి ఆ జీవిని ఏ ఖండం మోసుకొచ్చినట్టు?

బహామాస్ గుహలదీ అదే కథ. నీటి అడుగున ఇప్పటికీ వేలాడుతున్న సున్నపుకొమ్ములు గాలి ఉన్న గుహలోనే ఏర్పడతాయి. అంటే సముద్రం 120 మీటర్లకు పైగా దిగిపోయిన కాలంలో అవి పొడి గుహలు. అప్పుడీ జీవులు మరింత లోతున, రాతి పగుళ్లలో ఎక్కడో ఉండి తీరాలి.

బిలద్వారం:
పగుళ్ల మాట కాదనను. అయినా ఆ పగుళ్లు ఒకే దీవి పరిధిలోనివి, ఒడ్డు నుంచి ఒడ్డుకు వేసిన వంతెన కావు. బయటి సముద్రంలో ఒక్కటీ చిక్కకపోవడానికి ఏం చెబుతారు?

అలలదారి:
సముద్రగర్భపు రాతి సందులలోకి వలలు వెళ్లవు కనుక, చిక్కకపోవడాన్ని లేకపోవడంగా లెక్కించలేం. ఇవి లాంజరోటేకు ఆఫ్రికా తీరం నుంచి వచ్చి ఉండవచ్చు, ఆ దూరం మహాసముద్రమంత కాదు. అలా అయితే కరీబియన్ శాఖ నుంచి అవి అట్లాంటిక్ విచ్చుకున్నప్పుడే వేరుపడ్డాయన్న మీ మాటా నిలబడవచ్చు. కానీ శాఖలు చీలిన కాలం వేరు, దీవికి చేరిన కాలం వేరు. జన్యువుల లెక్కలో మొదటిది ఎంత పాతదని తేలినా, ఆ చివరి ప్రయాణం మాత్రం నీటిలోనే జరిగింది.