కన్నం పెట్టి ఆగిపోయిన కౌజు పిల్లని మనం బయటికి తియ్యాలా, వద్దా?

కొత్తబ్యాచ్:
పొదిగే మిషన్‌లో (ఇంక్యుబేటర్) పెట్టిన జపనీస్ కౌజు గుడ్లు, ఇవాళ 18వ రోజు. దాదాపు అన్నీ పెంకు చీల్చుకుని వచ్చేశాయి. ఒక్క గుడ్డు మాత్రం నిన్న రాత్రి చిన్న కన్నం పెట్టి అక్కడే ఆగిపోయింది. లోపల ముక్కు కదులుతోంది, అప్పుడప్పుడు కీచుమంటోంది. కొందరు ముట్టుకోవద్దంటున్నారు, కొందరు పెంకు ఒలిచెయ్యమంటున్నారు. చూస్తూ కూర్చోవాలంటే టెన్షన్‌గా ఉంది. మీరైతే ఏం చేస్తారు?

పాతగంప:
ముట్టుకోవద్దు తమ్ముడూ, మూత కూడా తియ్యొద్దు. కన్నం పెట్టాక పిల్ల ఊరికే పడుకున్నట్టు కనిపిస్తుంది గానీ లోపల జరగాల్సిన పని జరుగుతూనే ఉంటుంది. అప్పటిదాకా పెంకు కింది పొరలో ఉన్న రక్తనాళాలే దానికి ఊపిరి, ఇప్పుడు ఊపిరితిత్తులు అందుకోవాలి, ఆ నాళాల్లోని రక్తం మెల్లగా ఒంట్లోకి వెళ్ళాలి, మిగిలిన పచ్చసొన సంచి బొడ్డు గుండా కడుపులోకి చేరాలి. ఇవి పూర్తి కాకముందే నువ్వు ఒలిస్తే నాళం తెగుతుంది. పిల్ల బరువే 7, 8 గ్రాములు, అందులోంచి రెండు మూడు చుక్కల రక్తం పోయినా చాలు. కన్నం పెట్టాక 12 గంటలు పట్టడం మామూలే, కొన్ని ఇంకా ఎక్కువే తీసుకుంటాయి.

మొండిపిట్ట:
గంప అన్న చెప్పిన లోపలి సంగతంతా నిజమే, "ముట్టుకోవద్దు" అన్నది మాత్రం నేను ఒప్పుకోను. గడియారం ఒక్కటే చూస్తే సరిపోదు, పొర చూడాలి. కన్నం అంచున పొర తడిగా, పలచగా ఉంటే వదిలెయ్. తెల్లగా కాగితంలా ఎండినా, పసుపు గోధుమ రంగుకి తిరిగి గట్టిపడినా పిల్ల లోపల బిగుసుకుపోయినట్టే. తల తిప్పలేదు, తల తిప్పకపోతే పెంకు చుట్టూ కోసుకోలేదు. ఇంకెన్ని గంటలు ఆగినా ఆ పొర ఇంకా ఎండుతుందే తప్ప మెత్తబడదు. అయినా ముందొచ్చిన పిల్లల్ని తియ్యడానికి మూత ఎన్నిసార్లు తెరిచారు?

కొత్తబ్యాచ్:
లెక్క లేదండి. పొద్దున్నుంచి ఇంట్లో పిల్లలు మూత తీసి చూస్తూనే ఉన్నారు. పొర తెల్లగానే ఉంది, ఒక అంచున కొంచెం పసుపు.

మొండిపిట్ట:
అదీ సంగతి. ఆఖరి మూడు రోజులు తేమ 65 నుంచి 75 శాతం మధ్య ఉండాలి. మూత తెరిచిన ప్రతిసారీ అది ఒక్కసారిగా పడిపోతుంది. పెంకు మూసి ఉన్న గుడ్డుకి అంత నష్టం లేదు, అప్పటికే కన్నం పెట్టిన గుడ్డుకే దెబ్బ.

పాతగంప:
సరే, తేమ తగ్గింది అనుకుందాం. అదే ట్రేలో, అదే తేమలో మిగతావన్నీ వచ్చాయి కదా? ఇదొక్కటే ఎందుకు ఆగింది? బలం లేని పిల్లని మనం చేత్తో తీసి, పెంచి, రేపు దాని గుడ్లే మళ్ళీ మిషన్‌లో పెడతాం. నాలుగు తరాలు పోయేసరికి పెంకు పగలగొట్టుకోలేని మంద తయారవుతుంది. జాలి పేరుతో జాతిని పాడుచేసుకోవడం నాకు ఇష్టం ఉండదు.

మొండిపిట్ట:
అన్నా, అదే తేమలో అన్నారు గానీ అది అదే తేమ కాదు. ముందొచ్చినవి మూత మూసి ఉన్నప్పుడు వచ్చాయి, వాటిని తియ్యడానికి తెరిచిన మూత వల్ల ఎండిపోయింది వెనక మిగిలిన గుడ్డు. పైగా అన్ని పెంకులూ ఒకేలా ఉండవు, కొన్నిటికి సన్నటి రంధ్రాలు ఎక్కువ, వాటిలోంచి నీరు తొందరగా పోతుంది. అది గుడ్డు పెట్టిన తల్లి పెంకు గుణం, పిల్ల బలంతో దానికి సంబంధం లేదు. ఇంకోటి, కౌజు గుడ్లు ఒకదానికొకటి తగిలి ఉంటే లోపలి పిల్లలు టిక్కుటిక్కుమని చేసే చప్పుడు వినుకుని వెనకబడినవి వేగం పెంచుకుంటాయి, అన్నీ ఇంచుమించు ఒకేసారి పొదుగుతాయి. ఇది 1960ల్లోనే పరిశోధనల్లో తేలిన విషయం. మిషన్‌లో ఒక మూలకి దొర్లిపోయి విడిగా ఉన్న గుడ్డుకి ఆ సాయం కూడా అందదు. వేడి తక్కువ తగిలే మూలైతే ఇక చెప్పక్కర్లేదు. ఇన్ని కారణాలు మన మిషన్‌లో పెట్టుకుని తప్పు పిల్ల రక్తం మీదకి నెడితే ఎలా?

ట్రేలెక్క:
మధ్యలో వస్తున్నా, ఏమీ అనుకోవద్దు. మాది కొంచెం పెద్ద మిషన్. మేము ఏ గుడ్డుకీ చెయ్యి సాయం చెయ్యం, ట్రే బయటికి తీసేసరికి రానిది రానట్టే. సిద్ధాంతం ఏమీ లేదు, అన్ని గుడ్ల ముందు కూర్చునే తీరిక లేదు, అంతే. ఇంట్లో ఇరవై ముప్పై గుడ్లు పెట్టుకున్నవాళ్ళు మా పద్ధతిని చూపించి "పెద్దవాళ్ళే చెయ్యరు" అంటే మాత్రం నవ్వొస్తుంది. ఒక్క మాట, కన్నం సన్నకొన వైపు పడిందా, వెడల్పు వైపా చూడండి. గాలి గది ఉండేది వెడల్పు వైపు. సన్నకొన వైపు తల పెట్టిన పిల్లకి మొదటి ఊపిరి పీల్చుకోడానికి ఆ గది దొరకదు, అలాంటివి సొంతంగా బయటపడటం బాగా తక్కువ.

కొత్తబ్యాచ్:
వెడల్పు వైపే పడిందండి. ఇప్పటికి 16 గంటలు దాటింది, కీచుమనడం తగ్గింది. చెయ్యాలనే అనుకుంటున్నా. ఎలాగో చెప్పండి.

మొండిపిట్ట:
ముందు చేతులు కడుక్కో. గది వెచ్చగా ఉండాలి, ఫ్యాన్ ఆపెయ్. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన దూదిపుల్లతో ఎండిన పొరని అద్దు. నీళ్ళు కారకూడదు, ముక్కు రంధ్రాల జోలికి అసలు వెళ్ళకు. తడిసిన పొర కొంచెం పారదర్శకంగా అవుతుంది, లోపల ఎర్రటి గీతలున్నాయో లేదో అప్పుడు లైటు పెట్టి చూస్తే తెలుస్తుంది. గీతలు కనిపిస్తే అక్కడితో ఆపి మళ్ళీ మిషన్‌లో పెట్టు, రెండు గంటలు ఆగి చూడు. కనిపించకపోతే కన్నం దగ్గర్నుంచి గాలి గది చుట్టూ పెంకు చిన్న చిన్న ముక్కలుగా తీసుకో, టోపీ తీసినట్టు పై భాగం మాత్రమే. తల బయటపడితే చాలు, కింది భాగాన్ని అదే కాళ్ళతో తన్నుకుని వస్తుంది, నువ్వు లాగొద్దు. బొడ్డు దగ్గర ఇంకా పచ్చసొన మిగిలి ఉందేమో నీకు కనపడదు, లాగితే అదే చీలుతుంది.

పాతగంప:
చెప్పిన పద్ధతి బాగానే ఉంది, ఎర్ర గీత కనిపించగానే ఆగమన్నది ఇంకా బాగుంది. కానీ అందరూ అక్కడ ఆగరు తల్లీ, నా భయం అదే. ఒక ముక్క తీసిన చెయ్యి ఇంకో ముక్క తీస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. పొదిగే కాలం మొత్తం తేమ ఎక్కువైనా పిల్ల ఆగిపోతుంది. గుడ్డు బరువులో 11 నుంచి 13 శాతం దాకా నీరుగా ఆవిరైపోవాలి, అలా పోకపోతే గాలి గది చిన్నదై పిల్ల ఉబ్బి జిగురుజిగురుగా ఉంటుంది. ఆ రకానికి దూదిపుల్లతో ఇంకా తడి పెట్టారంటే అంతే సంగతులు.

మొండిపిట్ట:
ఇది నూటికి నూరుపాళ్ళు ఒప్పుకుంటా. జిగురుగా ఉన్నదానికి తడి వద్దు, ముక్కు ముందు దారి ఇచ్చి వదిలెయ్యాలి.

కొత్తబ్యాచ్:
పొర తడిపాను. ఒక పక్క ఒక సన్నటి ఎర్ర గీత కనిపించింది. ముక్కు చుట్టూ చిన్న ముక్క ఒక్కటి తీసి ఆపేసి, తడి స్పాంజి పక్కన పెట్టి మూత మూశాను. పిల్ల మళ్ళీ కీచుమంటోంది. మూత మీద కాగితం అంటించాను, ఇంట్లో ఎవరూ తియ్యకుండా.

పాతగంప:
మంచిది. వచ్చిందంటే కాలికి రంగు రింగు వెయ్యి. కాళ్ళు పక్కలకి జారుతున్నాయా, వేళ్ళు ముడుచుకుంటున్నాయా చూసుకో, బ్రూడర్‌లో (పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలో) కాగితం నున్నగా ఉండకూడదు. పెంచుకో, గుడ్లు తిను, కానీ ఆ గుడ్లు మిషన్‌లో పెట్టకు.

మొండిపిట్ట:
రింగు వెయ్యడానికి నాకూ అభ్యంతరం లేదు. దాంతో పాటు ఆ తేమ మీటరు కూడా చెక్ చెయ్యి తమ్ముడూ. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా నాలుగు చుక్కల నీళ్ళు కలిపి, మీటరుతో పాటు గాలి చొరబడని డబ్బాలో రాత్రంతా ఉంచు. 75 చూపించాలి. 85 చూపిస్తే ఇన్నాళ్ళూ నువ్వు 70 అనుకుంటున్నది నిజానికి 60.

పాతగంప:
మీటరు సరిగ్గానే ఉందని తేలి, మూత ఎవరూ తియ్యకుండా, వచ్చే బ్యాచ్‌లో కూడా ఒకటి ఇలాగే ఆగితే అప్పుడు ఎవరి మీదకి నెడతావో చూస్తాలే.